జుమ్మా దాటిన వేళ

మొన్న ఆదివారం మా పెద్దబిడ్డ హనుమకొండ హాస్టల్ నుంచి వచ్చింది. ఆటో చప్పుడు వినగానే నేను గేటు తీసి, బ్యాగు అందుకుందామని చెయ్యి కూడా చాచి నిలబడ్డాను. ఆమె ఆటో దిగి, నన్ను చూసి నవ్వి, "బాపూ, ఒక్క నిమిషం" అని మా గేటు ముందు నుంచే నడిచి పక్కింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఒక్క నిమిషం ముప్పావు గంట అయింది. చాచిన చేతిని ఏం చేయాలో తెలియక గేటు గడియను కాసేపు అటూ ఇటూ ఆడించి, ఇది బిగుసుకుపోయింది, నూనె వేయాలి అని మా ఆవిడతో అన్నాను. ఆమెకు నా సంగతి తెలుసు. "గడియ మంచిగనే ఉన్నది. నీ కండ్లమంట సల్లారనీయి, చాయ్ పెడ్త" అన్నది. యాభై దాటిన మనిషిని, కన్నబిడ్డ పక్కింటికి పోయిందని ఉడుక్కోవడం ఏమిటని నాకే సిగ్గేసింది. అయినా ఉడుక్కున్నాను. చాయ్ తాగుతుంటే, ఇదే కుళ్లు నా చేత ఒకసారి ఎంత పని చేయించిందో గుర్తొచ్చింది. ఆ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు ఆమెకు నాలుగేళ్లు. నేను భూపాలపల్లిలో బొగ్గుబావిలో ఫిట్టరుని. ఇప్పటికీ అదే పని. మా ఆవిడ రెండో కాన్పుకు కురవి దగ్గర తల్లిగారింటికి పోయింది. పిల్లను కూడా తీసుకుపోవాలనే బయలుదేరింది గానీ, పిల్ల పక్కింటి గుమ్మం పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు మా అత్తగారే భయపడి, "ఉండనీ బిడ్డా, ఈడనే ఉండనీ" అని వదిలేసింది. తల్లిని వదులుకుంది గానీ పక్కింటిని వదులుకోలేదు నా బిడ్డ. నన్ను ఆ లెక్కలోకే తీసుకోలేదు.

పక్కింటాయన దర్జీ. నాకంటే పదేళ్లు పెద్ద. నేను ఆయన్ని భాయ్ అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు, పిల్లలకు ఆయన చాచా. ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకుని కుట్టేవాడు. కొడుకులిద్దరూ మీసాలొచ్చి తలా ఒక పనిలో పడ్డారు. ఇంట్లో ఆయన, చాచి, ముసలి తల్లి. మా బిడ్డ పొద్దంతా ఆ మిషన్ కింద కూర్చుని కత్తిరింపు ముక్కలతో ఆడుకునేది. జాకెట్లకు మిగిలిన గుడ్డలతో ఆయన ఆమెకు గౌన్లు కుట్టేవాడు. ఒక చెయ్యి పచ్చది, ఒక చెయ్యి ఎర్రది, నడుము దగ్గర పూలది. చూస్తే నవ్వు రావాలి గాని రాదు, ముచ్చటేస్తుంది. నేను షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె రోజూ ఆ మిషన్ పక్కన చాప మీద నిద్రపోతూ కనిపించేది. ఎత్తుకుంటే కళ్లు సగం తెరిచి, నా చేతులు గీరుకుంటున్నాయని గునిసేది. బావిలో పనిచేసేవాడి అరచేతుల గీతల్లోకి దిగిన బొగ్గు సబ్బుకు పోదు. చాచా చేతులేమో పట్టు గుడ్డలు సవరించీ సవరించీ మెత్తబడ్డ చేతులు. దేవుడు ఎవరి చేతులు ఎవరికి పెట్టాలో తెలియకుండా పెట్టాడని నాకు గట్టి అనుమానం ఉండేది.

ఆయనలో ఏదైనా తప్పు దొరికితే నా కుళ్లు కొంచెం తగ్గేదేమో. తాగడు, గొంతు పెంచడు, నా బిడ్డ ముక్కు తుడవడానికి కూడా విసుక్కోడు. తప్పు దొరకని మనిషి మీద పెంచుకునే కుళ్లుకు అంతు ఉండదు.

అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోనే నిలిచాయి, మేము కూడా బావి దిగడం మానేశాం. ఊరంతా ఉద్యమంలో ఉంటే నాకు లోలోపల ఇంకో లెక్క నడిచింది. ఇక రోజంతా ఇంట్లోనే ఉంటాను, బిడ్డను నావైపు తిప్పుకుంటాను అనుకున్నాను. పొద్దున ధర్నా శిబిరంలో నినాదాలిచ్చి, పదింటికల్లా ఇంటికొచ్చి ఆమెకు జడలు వేయబోయేవాడిని. ఒక జడ చెవి మీదికి, ఒకటి మెడ మీదికి వచ్చేవి. పంపులూ మోటార్లూ విప్పి బిగించే ఫిట్టరుని, నాలుగేళ్ల పిల్ల జడ నాకు లొంగలేదు. "చాచా మంచిగ అల్లుతడు" అని రిబ్బన్లు పట్టుకుని పరుగెత్తేది. హనుమకొండ నుంచి మూడు చక్రాల సైకిలు తెప్పించాను. దాన్ని తొక్కుకుంటూ నేరుగా పోయి మిషన్ పక్కన నిలిపింది, అదే దాని స్టాండు అన్నట్టు.

ఆ ఏడు చాచా తల్లికి కంటి పొర తీయించారు. చూపు తిరిగొస్తే హైదరాబాదు పోయి, చార్మినార్ పక్కన పెద్ద మసీదులో శుక్రవారం మధ్యాహ్నపు జుమ్మా నమాజు చదువుతానని ఆయన మొక్కుకున్నాడు. చూపు వచ్చింది. ఇక ఆ మసీదు ముచ్చట్లు మొదలుపెట్టాడు మా బిడ్డ దగ్గర. అందులో వేల పావురాలు ఉంటాయట. నమాజు అయ్యాక అన్నీ ఒక్కసారే లేస్తే ఆకాశం కనపడదట. ఆ ముచ్చట గోడకు ఇవతల కూర్చున్న నాకూ వినపడేది. బాగా చెప్పేవాడు, అదే నా బాధ. ఒక బుధవారం నా బిడ్డ వచ్చి, "బాపూ, నేను చాచాతోని పావురాలకాడికి పోత" అన్నది. వద్దంటే చెడ్డవాణ్ణవుతాను, సరేనంటే ఆమె ఆయన వేలు పట్టుకుని పావురాలు చూసి వచ్చి నెల రోజులు అవే ముచ్చట్లు చెబుతుంది. ఏమీ తోచక, "నేను గూడ వస్తున్న. నేనే తీస్కపోత" అన్నాను. చాచా సంతోషించాడు. అది కూడా నాకు నచ్చలేదు.

బస్సులు లేవు కాబట్టి ఆయనకు తెలిసినవాళ్ల జీపు ఒకటి హైదరాబాదు దవాఖాన నుంచి ఎవరినో తీసుకురావడానికి పోతుంటే అందులో చోటు కుదిరింది. శుక్రవారం తెల్లవారుతూనే బయలుదేరాం. చాచా ఉతికిన తెల్ల లాల్చీ వేసుకుని జీపెక్కబోతుంటే, ముసలామె గుమ్మం దిగి వచ్చి, కొడుకు భుజం మీద అంటుకున్న సన్నటి దారప్పోగును రెండు వేళ్లతో ఏరి తీసింది. తీసి, దాన్ని వెలుతురుకు పెట్టి చూసుకుని నవ్వింది. నాలుగు నెలల కిందట ఆమెకు కొడుకు మొహమే ఆనేది కాదు. చాచా ఆమె చెయ్యి ఒకసారి కళ్లకద్దుకుని ఎక్కాడు. పిల్ల ఆయన ఒళ్లో కూర్చుంది. నేను డ్రైవరు పక్కన కూర్చుని పరకాల దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

జనగామ చేరేసరికి తొమ్మిదిన్నర. ఊరి మొదట్లోనే రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు వండుతున్నారు. ఆడవాళ్లు బతుకమ్మ పాటలు అందుకున్నారు, ఎవరో డప్పు కొడుతున్నారు. రెండు వైపులా లారీలు, జీపులు నిలిచిపోయాయి. చాచా దిగిపోయి అక్కడి పెద్దమనిషిని అడిగాడు. మెడలో కండువా వేసుకున్న బక్కపలచటి మనిషి ఆయన. "జుమ్మాకు పట్నం పోవాలె అన్నా, మొక్కు ఉన్నది" అని చాచా అంటే, ఆయన మర్యాదగానే, "అందరికి ఏదో ఒక పని ఉంటది భాయ్. బువ్వలు తిన్నంక ఇడుస్తం. నువ్వు గూడ తెలంగాణోనివే గద" అన్నాడు. చాచా తల ఊపి, ఉల్లిగడ్డలు కోస్తున్నవాళ్ల దగ్గర కూర్చుని తానూ ఒక కత్తి అందుకున్నాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. నా చొక్కా జేబులో బావి గుర్తింపు కార్డు ఉంది. సమ్మె రోజుల్లో ఆ కార్డుకు ఎంత విలువో నాకు తెలుసు. అంతకుముందు వారమే మా ఆవిడను చూడడానికి కురవి పోతుంటే, మానుకోట దగ్గర రోడ్డు ఆపిన పిల్లలు ఆ కార్డు చూసి నన్ను కౌగిలించుకుని, "బొగ్గుబావి అన్నకు తొవ్వ ఇడువుండ్రి" అని ముళ్లకంప పక్కకు లాగారు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుంది, ఢిల్లీ దాకా తెలుస్తుంది అని మామీద జనానికి అంత ప్రేమ. తిరిగొచ్చి ఆ సంగతి మా వాడకట్టంతా గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు లేచి నాలుగడుగులు వేసి కార్డు చూపిస్తే అయిపోతుంది. నేను లేవలేదు.

ఎందుకు లేవలేదో ఆ క్షణంలో నాకు నేనే ఒక అబద్ధం చెప్పుకున్నాను. ఉద్యమంలో ఉన్నవాడిని, ఉద్యమం ఆపిన రోడ్డును సొంత పనికి తెరిపించుకోవడం తప్పు అని. మానుకోట దగ్గర ఆ తప్పు నాకు తోచలేదు. అసలు సంగతి ఏమిటంటే, పొయ్యి దగ్గరున్న ఒక ఆమె నా బిడ్డకు విస్తట్లో అన్నం పెట్టింది. పిల్ల దాన్ని పట్టుకుని నన్ను దాటుకుని చాచా దగ్గరికి పోయింది. ఆయన చెయ్యి కడుక్కుని, పప్పుచారు కలిపి, ఊది ఊది ముద్దలు పెడుతున్నాడు. వడ్డించిన ఆమె మురిసిపోయి, "ముద్దుగ తినవెడ్తుండు తండ్రి" అన్నది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేమైతవు అన్నా వీళ్లకు?" అని అడిగింది. "పక్కింటోన్ని" అన్నాను. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. జేబు మీద చెయ్యి పెట్టుకుని, పోయి జీపు నీడలో కూర్చున్నాను. జుమ్మా పోతే పోనీ అనుకున్నాను. ఒక్కసారన్నా ఆయన కూడా ఏదైనా పోగొట్టుకుని చూడనీ అనుకున్నాను.

రెండు గంటలు అలాగే కూర్చున్నాను. చాచా నాలుగైదు సార్లు చేతి గడియారం చూసుకున్నాడు. ఒకసారి నా వైపు కూడా చూశాడు, కానీ ఏమీ అడగలేదు. పదకొండున్నర దాటాక, గడియారాన్ని చేతి నుంచి తీసి లాల్చీ జేబులో వేసుకున్నాడు, ఇక చూడనవసరం లేదన్నట్టు. వేసుకుని, మళ్లీ ఉల్లిగడ్డ అందుకున్నాడు. అది చూశాక నాకు ఆ నీడలో కూర్చోవడం చేతకాలేదు. లేచి పోయి ఆ పెద్దమనిషికి కార్డు చూపించాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, అందరికీ వినపడేటట్టు, "బావి పనోనివా అన్నా, ముందుగాల్ల చెప్పొద్దా? ఎప్పుడో ఇడుస్తుంటిమి గద" అన్నాడు. చాచా ఉల్లిగడ్డల పళ్లెం పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, పిల్లను ఎత్తుకుని వచ్చి జీపెక్కాడు. ఉల్లి కోసినందుకో దేనికో, ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

మసీదు గేటు దగ్గర దిగేసరికి రెండున్నర. లోపలి నుంచి తెల్లటోపీల జనం బయటికి వస్తున్నారు. జుమ్మా అయిపోయింది. చాచా ఆ వస్తున్నవాళ్లను చూస్తూ కాసేపు పక్కకు నిలబడ్డాడు. తర్వాత మామూలు గొంతుతోనే, "పా బేటీ, పావురాలను సూద్దాం" అన్నాడు. గేటు దగ్గర పోలీసులు మా సంచి వెదికి వదిలారు. చెప్పులు విడిచి లోపలికి పోయాం.

ఆ పెద్దతనాన్ని ఎలా చెప్పాలో నాకు తెలియదు. బావిలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నవాణ్ణి, ఎక్కడికి పోయినా ముందు తలెత్తి కప్పు చూడడం నా అలవాటు. కప్పు మంచిదా కాదా అని చూడకుండా మేం అడుగు వేయం. అక్కడ తలెత్తితే టోపీ ఉంటే జారిపడేంత ఎత్తున ఉంది కప్పు. రాతి కమానులు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. మేం భూమి లోపల నడుములు వంచుకుని రాయి కింద తిరుగుతాం, ఇక్కడెవరో అదే రాయిని నిలబెట్టి దాని కింద మనుషులను నిటారుగా నడిపించారు. నా బిడ్డ నోరు తెరుచుకుని చూసింది. "గిది ఎవరి ఇల్లు?" అని అడిగింది. "అల్లా ఇల్లు" అన్నాడు చాచా. "గింత పెద్ద ఇంట్ల ఒక్కడే ఉంటడా?" అన్నది. చాచా నవ్వాడు. నాకు అప్పుడు కూడా, ఆ మనిషికి బిడ్డకు చూపించడానికి ఇంత పెద్ద ఇల్లు ఉంది, నాకేముంది అనిపించింది. ఊరుకోలేక, "మా బావి దీనికంటె పెద్దగుంటది, లోపట శానా దూరం ఉంటది" అన్నాను. పిల్ల ఆసక్తిగా చూసి, "అండ్ల పావురాలు ఉంటయా?" అని అడిగింది. లేవన్నాను. "మరి ఏముంటది?" అన్నది. చీకటి ఉంటుందని చెప్పబుద్ధి కాలేదు.

పావురాలు మాత్రం చాచా చెప్పినన్ని ఉన్నాయి. పిల్ల కాసేపు వాటి వెంట పరుగెత్తింది. చాచా నీళ్ల తొట్టి దగ్గర ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని, లోపల ఒక మూలన ఒక్కడే నిలబడి మధ్యాహ్నపు నమాజు చదువుకున్నాడు. అంత పెద్ద మసీదులో, వేలమంది వరసలు కట్టి లేచిపోయిన ఖాళీలో, ఆయన తెల్ల లాల్చీ ఒక్కటే వంగుతూ లేస్తూ కనిపించింది. ఆ వరసల్లో ఆయన ఉండాల్సింది. ముసలామె వెలుతురుకు పెట్టి చూసుకున్న ఆ దారప్పోగు నా కళ్ల ముందు మెదిలింది. నేను ఆయన దగ్గర కాజేసింది ఒక నమాజు కాదు, ఆ తల్లి చూపుకు ఇచ్చిన మాట.

ఎండకు బయటి బండలు కాలుతున్నాయి. పిల్ల గంతులేస్తూ నా దగ్గరికే వచ్చి, "బాపూ, కాళ్లు సురసుర అంటున్నయి, ఎత్తుకో" అని చేతులు చాచింది. దగ్గరున్నది నేనే కాబట్టి వచ్చింది, అంతకంటే ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఎత్తుకున్నాను. భుజం మీద తల పెట్టి ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. చాచా వచ్చి పక్కన, నీడలో మెట్టు మీద కూర్చున్నాడు.

"భాయ్," అన్నాను, "జనగామల నేను ముందుగాల్లనే లేస్తె నీకు జుమ్మా దొరుకుతుండె."

"ఎర్కనే తమ్మీ."

"ఎర్కుంటె ఎందుకు అడుగవైతివి?"

"అడిగితె లేస్తువు, ఎందుకు లేవవు. అడుగకముందు లేస్తవేమో అని సూసిన" అన్నాడు.

ఆయన పావురాల వైపు చూస్తూ చెప్పాడు. "నీకు నా మీద కండ్లమంట అని నాకు తెల్వదా? నాకు గూడ నీ మీద జలన్ ఉన్నది తమ్మీ. నాలుగింటికి బావి సైరన్ మోగంగనే నా ఒళ్లెకెల్లి దిగి ఉరుకుతది. బెల్లం పెడ్తనన్నా ఆగది. బాపు వస్తుండు అని అరుగు మీద కూసోని తొవ్వ సూస్తది. నువ్వు హోటల్ల చాయ్ తాగి, ముచ్చట్లు వెట్టి అయిదున్నరకు వస్తవు. అప్పటిదాంక సూసీ సూసీ ఆడనే నిద్రవోతది. నేను ఎత్కపోయి చాప మీద పండవెడ్త. నువ్వొచ్చి సూసేటాలకు నా ఇంట్ల ఉంటది. ఒక్కనాడన్న సైరన్ మోగినా నాతోని ఆడుకుంటదేమో అని నేను గూడ సూస్త."

షిఫ్టు దిగాక హోటల్లో కూర్చుని తెలంగాణ ఎప్పుడొస్తుంది, ఎలా వస్తుంది అని నలుగురితో వాదించిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. అది మంచి ముచ్చటే, తప్పేం కాదు. కానీ అదే వేళకు ఇంటి ముందు అరుగు మీద ఒకరు కూర్చుని ఉంటారని నాకు తెలియదు. నిద్రపోతున్న పిల్ల బరువు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాను. "ఇంకో జుమ్మాకు పోదాం భాయ్, నేను దగ్గరుండి తీస్కపోత" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తిరుగు ప్రయాణంలో పిల్ల మళ్లీ ఆయన ఒళ్లోనే కూర్చుంది. నాకు మళ్లీ చురుక్కుమంది. తెలిసినంత మాత్రాన కుళ్లు పోతుందనుకోవడం పొరపాటు.

సమ్మె ముగిసి బావి దిగిన మొదటి రోజు, సైరన్ మోగాక హోటలు వైపు చూడకుండా నేరుగా ఇంటికి వచ్చాను. అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అనుమానంగా, "గింత జల్ది వచ్చినవేంది, పని చెయ్యలేదా?" అని అడిగింది. ఆ రోజు నుంచి షిఫ్టు ఏదైనా నేరుగా ఇంటికే. స్నేహితులు నన్ను ఆడంగి అని ఆటపట్టించారు, పడ్డాను.

చాచా మొక్కు మాత్రం నేను తీర్చలేదు. ఆ చలికాలంలో ఆయన తల్లిని వెంటబెట్టుకుని, కాజీపేటలో రైలెక్కి, ఒక జుమ్మాకు ముందురోజే పట్నం చేరుకుని మొక్కు తీర్చుకున్నాడు. తిరిగొచ్చాక గాని మాకు తెలియలేదు. నన్ను పిలవలేదని నాకు రెండు రోజులు మనసంతా ముల్లు గుచ్చినట్టే ఉంది. పిలవకపోవడానికి కారణం నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు గనుక. అయినా అడిగాను. "నీకు షిఫ్టు ఉండె గద తమ్మీ" అన్నాడు. ఆ వారం నాకు సెలవని ఆయనకూ తెలుసు. ముసలామె ఆ తర్వాత రెండేళ్లు బతికింది. రాష్ట్రం వచ్చిన రోజు మా వాడకట్టంతా రంగులు చల్లుకుని ఊరేగింపు తీస్తే, నా పెద్దబిడ్డ చాచా భుజాల మీద, చిన్నది నా భుజాల మీద ఎక్కి ఊరేగారు. నేను ఊరేగింపులో సగం దూరం పక్కకే చూస్తూ నడిచాను, ఎవరి భుజం ఎత్తుగా ఉందా అని.

ఆయనకు ఇప్పుడు మిషన్ తొక్కే ఓపిక లేదు, సూదిలో దారం ఎక్కించడానికి నన్నే పిలుస్తాడు. నేను కళ్లజోడు పెట్టుకుని ఎక్కించి ఇస్తాను. మేమిద్దరం మళ్లీ ఎన్నడూ కలిసి పట్నం పోలేదు, జనగామ మాట ఎత్తలేదు. కానీ ఆ రోడ్డు మీద, జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆ రెండు గంటలు అప్పుడప్పుడూ నా ముందుకు వచ్చి నిలబడతాయి. అవి ఆయనకు అందలేదు, నాకూ మిగలలేదు. కాలాన్ని ఎదుటివాడికి దక్కకుండా చేయడం సులువే, దాన్ని మన దగ్గర ఉంచుకోవడమే ఎవరికీ చేతకాదు.